కావలి కోళ్ళు

సోమవారం, ఎండ ముదరకముందే
మిల్దురా ఊరి చివర ద్రాక్షతోటల వెనక
కౌన్సిల్ వారి తుప్పు కంచె తలుపు తీస్తాను.
పదిహేను పెట్టలు.
కాళ్ళకి పసుపు ప్లాస్టిక్ కడియాలు, వాటి మీద అంకెలు.
పేర్లు పెట్టొద్దని శిక్షణలో చెప్పారు.
గ్లెనిస్ అన్నింటికీ పెట్టేసింది.
నాకు ముందు ఇరవై రెండేళ్ళు ఈ పని ఆమెది,
రిటైరయ్యాక కూడా వస్తుంది.
నాకు కోడిని పట్టుకోవడం చేతకాదట.
నిజమే. చిన్నప్పుడు మా ఇంట్లో
కోడిని పట్టుకున్నారంటే అది ఆదివారం,
నేను గిన్నె దగ్గరే తప్ప పెరట్లో ఉండేదాన్ని కాదు.

రెక్క విప్పి, ఈకలు తడిపి పక్కకి దువ్వితే
లోపల నీలంగా ఒక నరం, దారప్పోగంత.
సూది. అరచెంచా కూడా నిండని నెత్తురు.
గాజు గొట్టానికి అంకె అంటించి
ఐసుపెట్టెలో పడుకోబెడితే
మధ్యాహ్నం బండికి మెల్‌బోర్న్ పోతుంది.

యూకలిప్టస్ కొమ్మకి ఒక బకెట్టు వేలాడుతుంది.
అందులో పొడిమంచు రాత్రంతా
మనిషిలా ఊపిరి వదులుతూనే ఉంటుంది,
ఒక్కసారీ పీల్చుకోదు.
దోమలు నమ్ముతాయి.

మా భాషలో ఒక ముసలమ్మ ఉంది,
తన కోడీ కుంపటీ లేకపోతే
ఊరికి తెల్లారదనుకుంది, అని చెప్పాను గ్లెనిస్‌కి.
నవ్వుతుందనుకున్నా.
"ఆ కోడిని తీసేసి ఎవరైనా చూశారా మరి?" అంది,
పన్నెండో నంబరు రెక్క కింద వేలు పెట్టి.

బడ్జెట్ మీటింగులో కౌన్సిలర్ హాస్కింగ్ అడిగాడు,
ఆరేళ్ళుగా ఏ జబ్బూ రాలేదే,
కోళ్ళకి ఏటా ఇంత దాణా ఎందుకని.
ఏమీ లేదు, ఏమీ లేదు, ఏమీ లేదు
అని లాబ్ పంపిన కాగితాలు
నూటయాభై పైచిలుకు ఉన్నాయి నా సొరుగులో.
ఆ 'ఏమీ లేదు'ని కొనుక్కోవడానికేనండీ దాణా,
అనాల్సింది.
"నోట్ చేసుకుంటాను" అన్నాను.

ఆ వేసవి ముర్రే నది గట్టు దాటి
క్యారవాన్ పార్కు మెట్ల దాకా వచ్చి కూర్చుంది.
నీళ్ళు తీసిన గుంటల మీద
సాయంత్రాలు సన్నగా రంపం కోసిన చప్పుడు.

గురువారం, నాలుగింటికి ఫోను.
తొమ్మిదో నంబరు.

వెళ్ళి చూశాను. శుభ్రంగా దాణా తింటోంది.
జ్వరం లేదు, తల వేలాడేయలేదు.
చీకట్లో ఏదో దోమ చెవిలో ఊది పోయిన కబురు
దాని నెత్తుట్లో రాసుంది, అంతే.
చదవడం దానికి రాదు.
మేం చదివి, పరుగెత్తాం.

డాక్టర్లందరికీ కబురు. బడి ప్రిన్సిపాల్‌కి కబురు.
పొద్దుగూకాక క్రికెట్ ప్రాక్టీసు వద్దు.
టోంగా నుంచి ద్రాక్ష కోతకొచ్చిన కుర్రాళ్ళ బసలో
కిటికీలకి తెరలు లేవని అప్పుడే తెలిసింది.
నలభై రెండు డిగ్రీల ఎండలో
పొడుగు చేతుల చొక్కా వేసుకోమంటే
సియోనె అనేవాడు నా మోచేతుల వైపు చూశాడు,
నావి పొట్టి చేతులు.

ఆ వేసవి మా ఊళ్ళో మెదడువాపు ఎవరికీ రాలేదు.
మా తెరల వల్లో, గాలి మళ్ళినందుకో,
రిపోర్టులో ఆ గడి దగ్గర
"తెలియదు" అని రాశాను.
పైవాళ్ళు దిద్ది పంపారు. మళ్ళీ అదే రాశాను.

ఒకసారి కబురు చెప్పిన కోడి
రెండోసారి కొత్తగా చెప్పలేదు. కావలికి పనికిరాదు.
తొమ్మిదో నంబరుని అట్టపెట్టెలో పెట్టుకుని
గ్లెనిస్ తన కారు ముందు సీట్లో కూర్చోబెట్టింది,
పెట్టెకి బెల్టు కూడా కట్టింది.
అప్పుడప్పుడూ నాకు గుడ్లు తెచ్చిస్తుంది.
తినొచ్చునా అని లాబ్‌ని రెండుసార్లు అడిగి,
తింటున్నాను.

ఇవాళ సోమవారం.
కొత్త తొమ్మిదో నంబరు వచ్చింది, బిత్తర చూపులది.
ఈసారి నేనే పట్టుకున్నాను.
మణికట్టు మీద పొడిచింది.
కాసేపు ఎవరి నెత్తురు ఎవరిదో
గుడ్డతో తుడుచుకుంటూ నిలబడ్డాను.